జానెడు అతుకు

దిల్‌సుఖ్‌నగర్,
జూన్.

చిన్నాయినా,

నిలబడి ఉంటే జర కూర్చుని చదువు. నేను కారు కొన్నాను.

ఆగాగు, అందరూ కొనే కారు కాదు. జపాన్ బండి, స్పోర్ట్స్ కారు. ముప్పై ఏళ్ళ పైబడ్డది. రెండే తలుపులు, నేలకు ఆనుకుని పోయే ఒళ్ళు, స్విచ్చు వేస్తే లేచి కళ్ళు తెరిచే లైట్లు. పదో తరగతిలో నా నోటుబుక్కు అట్ట మీద ఒక బండి బొమ్మ అంటించుకుంటే నాన్న చింపి పొయ్యిలో పెట్టాడు, యాదికుందా? అదే బండి. ఎల్‌బీ నగర్ అవతల నాగార్జున అని పాత బండ్ల వ్యాపారి ఉన్నాడు. ఆయన దొడ్లో టార్పాలిన్ కింద దొరికింది. ఇంజిన్ తిరగదు. సీట్లు చిరిగాయి. నీ కోడలు ఇందు చూసి, "గిది బండా, ఎలుకల హాస్టలా?" అని ముక్కు మూసుకుంది. బిడ్డ సంతోషి మాత్రం వెనక సీట్లోకి దూరి ఇక దిగనంది. ఆ వెనక సీటు చిన్నపిల్లలకు తప్ప ఎవరికీ పట్టదులే.

నువ్వు తిడతావని తెలుసు. కానీ చిన్నాయినా, పొద్దున ఇక్కడ చీరల దుకాణం తెరిస్తే మూసేదాకా చీర విప్పడం, మడత పెట్టడం. "ఇంకో రంగు చూపియ్యి" అంటే మళ్ళీ విప్పడం. నా చేతులతో నేనేదైనా చేసి నిలబెట్టాలని ఉండదా? అల్మాస్‌గూడలో ఒక షెడ్డు కిరాయికి తీసుకున్నాను. ఆదివారాలు, దుకాణం సెలవు రోజులు ఇక అక్కడే.

ఇప్పుడు అసలు పని. సీట్లకు నువ్వు గుడ్డ నెయ్యాలి. ఎరుపు, నలుపు, తెలుపు, పోగులకు ముళ్ళు కట్టి రంగులద్దే మన పాత చిటికి డిజైను. ఫోన్‌లో నీకు వినపడదు, సెల్లులో పంపితే గళ్ళు కనపడవంటావు. అందుకే గ్రాఫు కాగితం మీద గీసి బస్సు పార్శిల్‌లో పంపుతున్నాను. కొలతకు పాత సీటు గుడ్డ కూడా పెట్టాను. నీ చేతి గుడ్డ సీట్ల మీద ఎక్కందే బండిని రోడ్డెక్కించను. మార్కండేయ స్వామి మీద ఒట్టు.

ఒక్క సంగతి మనసులో మెదులుతోంది. డెంటింగ్ చేసే మహేందర్ అని మనవాడే ఉన్నాడు, ఎల్‌బీ నగర్‌లో. వాడు బండి కింద పడుకుని చూసి లేచి, "అన్నా, గిది ఒక్క బండి కాదే. రెండు బండ్లు. ముందటి సగం ఒకదానిది, ఎన్క సగం ఇంకోదానిది. రెండూ గుద్దుకున్నయే. నడుమల కోసి అతికిండ్రు. ఇంజన్ ఉంచుకో, గీ బాడీ పారెయ్" అన్నాడు. నాగార్జునను అడిగితే, "ఇన్నేండ్లు ఆగింది, ఇప్పుడేమైతది?" అని నవ్వాడు. అతికిన బండి. ఉంచుకోనా, పారెయ్యనా? నువ్వు పారెయ్ అంటే పారేస్తాను. చిన్నమ్మకు నా దండాలు.

నీ
శ్రవణ్


పోచంపల్లి,
జూన్.

అరే శ్రవణ్,

కూసోనే చదివిన. మీ చిన్నమ్మ రాధమ్మ నిలబడి విన్నది, ఇప్పటికీ కూసోలేదు. "వానికి నలభై ఏండ్లొచ్చినా బొమ్మలు కావాల్నా?" అని నన్ను తిడుతున్నది, నేనే కొనిచ్చినట్టు.

నీ గ్రాఫు కాగితం చూసిన. పక్క గళ్ళు తప్పు గీసినవ్. చీరలమ్ముతవ్ గానీ చీర ఎట్ల పుడుతదో మరిచిపోయినవ్. నేను దిద్దుకుంట. సీటుకు వేస్తే గట్టిగుండాలె గనుక పోగు లావుది పెడుత. నీ పాత సీటు గుడ్డ చిన్నమ్మ నానబెట్టింది. నీళ్ళు మార్చినకొద్ది ఎర్రమన్ను తీరు రంగు దిగుతనే ఉన్నది. ఎవరో చాయ్ ఒలకబోసుకున్నరేమో.

ఇగ అతుకు సంగతి. నువ్వు నేతగాని కొడుకువేనా? అతుకని పరేషాన్ అయితవేంది? మగ్గం మీద పాత పడుగు అయిపోతే ఏం చేస్తం? కొసలు మగ్గం మీదనే ఉంచుతం. వాటికి కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటి మెలేసి అతుకుతం. మీ నాయనమ్మ వేళ్ళకు బూడిద అద్దుకుని కూసుంటే వేల పోగులు పొద్దుగూకేసరికి అతికేది. మన ఇంట్ల మగ్గం ఎన్నడూ బోడిగ లేదు. మా తాత నేసిన పడుగు కొసకే ఇయ్యాల నా పడుగు తగిలి ఉన్నది. అతుకు లేకుంటే మనమే లేము. మన ఇండ్లల్ల అతుకు దోషం కాదు బిడ్డా. ఇష్టపడి తెచ్చుకున్నవ్, పారెయ్యకు. మంచిగ అతికితే నిలుస్తది.

బిడ్డ సంతోషికి ముద్దులు. ఇందూకు దీవెన.

మీ చిన్నాయిన
కోదండం


దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు.

చిన్నాయినా,

నీ ఉత్తరం మహేందర్‌కు చదివి వినిపించాను. "పెద్దాయన దారం సంగతి చెప్పిండే, నేను ఇనుము సంగతి చెప్తున్న" అన్నాడు. అతుకు విప్పి, బాడీ మొత్తం కొలతకు బిగించి మళ్ళీ వెల్డింగ్ చెయ్యాలట, ఆ సామాను ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదట, ఉన్నా తాను చెయ్యడట. చెయ్యకపోతే పో. వేరే పెయింటర్‌ను పెట్టాను. పుట్టీ వేసి, రుద్ది, ముదురు నీలం రంగు కొట్టాడు. అతుకు ఎక్కడుందో దేవుడు కూడా చెప్పలేడు.

ఇంజిన్ నా చేతులతో విప్పాను చిన్నాయినా! వీడియోలు చూస్తూ, ఒక్కో బోల్టు తీసి టిఫిన్ డబ్బాల్లో పెట్టుకుంటూ. డబ్బాలన్నీ పోయాయని ఇందు గోల. జపాన్ నుంచి సామాను తెప్పించాను. మొదటిసారి స్టార్టయినప్పుడు షెడ్డు రేకులు గలగలలాడాయి. నాకు ఏడుపొచ్చింది, నిజం. సంతోషి చెవులు మూసుకుని ఎగిరింది. ఇక టర్బో పెద్దది వేస్తున్నాను. పుట్టినప్పుడు ఉన్న బలం కంటే సగానికి సగం ఎక్కువ వస్తుంది.

చిన్న విషయం ఒకటి. ఎడమ తలుపు కింది పట్టీ మీద రంగులో వెంట్రుకంత గీత పడింది. పెయింటర్ మళ్ళీ పుట్టీ వేసి కొట్టాడు. పది రోజులకు అదే చోట అదే గీత. వానాకాలం కదా, ఆరలేదంటున్నాడు. కుడి వైపు మాత్రం బాగానే ఉంది.

గుడ్డ ఎంతవరకొచ్చింది?

శ్రవణ్


పోచంపల్లి,
ఆగస్టు.

శ్రవణ్,

పడుగు మగ్గమెక్కింది. ఎరుపు బాగ దిగింది. నువ్వు చూస్తే మురుస్తవ్.

ఒక మాట అడుగుత, కోపం చేసుకోకు. గా గీత రంగుదేనా? రంగు పగిలితే పెచ్చులు లేస్తది గదా. ఒకే చోట, ఒకే తీరు మళ్ళ రావడమేంది? మగ్గం మీద ఒకే జాగల పోగు తెగుతున్నదంటే పోగు తప్పు కాదు, గుంజుడుల తేడా ఉన్నట్టు. నాకు ఇనుము తెల్వదు. ఎవరికన్న చూపియ్యి.

టర్బో అంటే ఏందో సంతోషిని అడిగి రాయమను. నీకంటే అదే మంచిగ చెప్తది.

చిన్నాయిన


దిల్‌సుఖ్‌నగర్,
అక్టోబర్.

చిన్నాయినా,

దసరా గిరాకీ చంపేసింది. దుకాణంలో కాళ్ళు పెట్టే చోటు లేదు. అయినా షెడ్డుకు పోకుండా ఒక్క ఆదివారం ఉండలేదు.

టర్బో కూర్చుంది. పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకు అతుక్కుంటుంది. షెడ్డు ముందు ఖాళీ స్థలంలోనే, రోడ్డెక్కలేదు, ఒట్టు యాదికుంది. నీ గుడ్డ లేకుండా నేను రోడ్డెక్కను, నువ్వేమో గుడ్డ పంపవు. మనిద్దరిలో మొండివాడెవరో చిన్నమ్మే తేల్చాలి.

బండ్లన్నాక చిన్నచిన్న అలకలుంటాయి. ముందు అద్దం పగిలింది. రాయి తగల్లేదు, ఎవరూ ముట్టుకోలేదు. టైర్లు మార్చుదామని వెనక జాకీ పెట్టి లేపుతుంటే టప్పుమని మూల నుంచి మూలకు చీలింది. పాత అద్దం కదా. జాకీ మీద ఉన్నప్పుడు తలుపు తీస్తే మళ్ళీ పడదు. దించితే పడుతుంది, కానీ కొంచెం ఎత్తి తొయ్యాలి. మొన్న వానకు వెనక సీటు కాళ్ళ దగ్గర నీళ్ళు నిలిచాయి, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియలేదు. సంతోషి కాగితం పడవ వేసింది.

కుడి పట్టీ మీద కూడా గీత వచ్చింది. రెండు వైపులా ఒక్క తీరుగా వచ్చిందంటే అది డిజైన్ అనుకోవాలి, ఏమంటావు?

ఎవరో చెబితే మహేందర్ షెడ్డుకు వచ్చి పోయాడు. గీతల మీద వేలు పెట్టి రాస్తూ నిలబడ్డాడు. పోతూ పోతూ సంతోషిని చూసి, "నువ్వు గిండ్ల కూసోకు బుజ్జీ" అన్నాడు. నాకు మండింది. ఇంకోసారి గేటు లోపలికి రావద్దని చెప్పాను. బండి అంటేనే వాళ్ళకు కడుపుమంట.

గుడ్డ, చిన్నాయినా, గుడ్డ!

శ్రవణ్


పోచంపల్లి,
నవంబర్.

అమ్మా ఇందూ,

ఈ కాగితం నీకొక్కదానికే. శ్రవణ్ షెడ్డుకు పోయినప్పుడు చదువు. పార్శిల్ మీద మీ చిన్నత్తమ్మ పేరు రాసి, నీకు పంపిన పచ్చడి సీసా కింద పెడుతున్న.

శ్రవణ్‌కు నేను ఏం రాసిన్నో నీకు తెలిసే ఉంటది. మోకాలు నొస్తున్నదని, నలుపు రంగు కుదరలేదని, పోగులు చుట్టే ఆసు పాడైందని. అన్నీ ఉత్తవే. సీటు గుడ్డ దసరా ముందే అయిపోయింది. మడత పెట్టి సందుగల పెట్టిన. పంపను.

నాకు ఆ బండి మీద భయం పట్టుకున్నది బిడ్డా. అద్దం దానంతటదే పగులుడేంది? తలుపు జాకీ మీద పడకపోవుడేంది? అంటే లేపితే బండి నడుమల వంగుతున్నదనే గదా. ఇది తెలుసుకునేందుకు నాకు చదువు అక్కరలేదు. కానీ పారెయ్యాల్నా అని వాడు అడిగిన రోజు, ఉంచుకో అన్నది నేను. అతుకు దోషం కాదని పెద్ద మనిషి తీరు రాసిన్నేను. ఇప్పుడు ఏ మొకం పెట్టుకుని వద్దంటె? వాడు నా మాట పట్టుకునే ఇంత దూరం వచ్చిండు.

గుడ్డ లేనిది రోడ్డెక్కనని స్వామి మీద ఒట్టు పెట్టిండు గదా. అందుకే ఆపిన. ఎన్ని దినాలాగుతదో అన్ని దినాలు ఆపుత. నీకు కనబడుతున్నదేందో నాకు రాయి. బిడ్డను ఆ బండిల కూసోనియ్యకు.

మామ


సరూర్‌నగర్,
నవంబర్.

మామయ్యకు,

మీ ఉత్తరం చదివి పచ్చడి సీసా చేతిలో పట్టుకుని వంటింట్లోనే కూర్చుండిపోయాను. నాకొక్కదానికే ఈ భయం అనుకున్నాను ఇన్నాళ్ళు.

కనబడుతున్నది రాయమన్నారు. గీతల్లో ఇప్పుడు గోరు దూరుతుంది. ఆయన ప్రతి ఆదివారం పుట్టీ పెట్టి రుద్దుతారు, నీలం రంగు అద్దుతారు. వాకిట్లో ముగ్గు చెరిగితే మళ్ళీ వేసుకున్నట్టు, అదొక పూజ అయిపోయింది. మహేందర్ ఒకరోజు దుకాణం దగ్గర నన్ను ఆపాడు. "వదినా, నా మీద కోపమున్నా మంచిదే. గా బండి నడుమ పట్టుకున్నది ఇనుము కాదు, పుట్టీ, పెయింటు. లోపల తుప్పు పట్టిన పట్టీకి ఉత్తుత్త వెల్డింగ్ చుక్కలు పెట్టిండ్రు. అన్నకు జర చెప్పు" అన్నాడు.

చెప్పాను మామయ్యా. భోజనం దగ్గర మెల్లగానే చెప్పాను. ఆయన కంచం తోసేశారు. "ఇంట్ల, బయట, అందరికీ ఒక్కటే పాట. ఇంకొక్కరు అతుకు అన్నరంటే, అప్పుడే సంతోషిని ఎన్క కూసోబెట్టుకుని విజయవాడ రోడ్డు మీద ఎంతల పోతదో అంతల పోత. చూపిస్త మీకు" అన్నారు. అలా అనే మనిషి కాదు మామయ్యా. మీకు తెలుసు. దుకాణంలో కోపం వచ్చిన గిరాకీని కూడా నవ్వించి పంపే మనిషి. ఆ బండి దగ్గర మాత్రం వేరే మనిషి. అప్పటి నుంచి నేను నోరు విప్పలేదు.

సంతోషి ఆ వెనక సీటుకు స్టిక్కర్లు అంటించుకుంది. నా సీటు, నా సీటు అంటుంది. ఎంతకాలం ఆపగలను?

గుడ్డ పంపకండి. దయచేసి పంపకండి.

ఇందు


దిల్‌సుఖ్‌నగర్,
డిసెంబర్.

చిన్నాయినా,

మోకాలు తగ్గిందా? రంగు కుదిరిందా? ఆసు బాగైందా? అడగడం కూడా మానేద్దామనుకున్నాను. నీకు ఇష్టం లేకపోతే మొదట్లోనే చెప్పి ఉంటే సరిపోయేది. నాన్న ఉంటే చింపి పొయ్యిలో పెట్టేవాడు, నువ్వు పొయ్యి దాకా కూడా పోకుండా నానబెట్టి చంపుతున్నావు. చిన్నమ్మ చేత ఫోన్ చేయించకు. సాకులు వినే ఓపిక నాకు లేదు, ఎత్తను.

రెక్సిన్ వేయించాను. నల్ల రెక్సిన్. ఒట్టు సంగతి నేనూ స్వామీ చూసుకుంటాం. కొబ్బరికాయ కొట్టి క్షమించమన్నాను.

ఈ ఆదివారం పొద్దున ఇందును, సంతోషిని ఎక్కించుకుని పోచంపల్లి వస్తున్నాను. మొదటి ప్రయాణం నీ ఇంటికే చెయ్యాలని జూన్‌లోనే అనుకున్నాను, నువ్వు ఎట్లా ఉన్నా నేను మాట తప్పను. ఎల్‌బీ నగర్ దాటితే విజయవాడ రోడ్డు, తెరిచి వదిలితే ఎంతలో వస్తానో చూడు. నువ్వు వాకిట్లో నిలబడు. సౌండు నీకు కూడా వినపడుతుంది.

శ్రవణ్


పోచంపల్లి,
డిసెంబర్, శుక్రవారం.

కొడుకా శ్రవణ్,

పొద్దటి సంది చిన్నమ్మ ఫోన్ చేస్తనే ఉన్నది, నువ్వు ఎత్తుతలేవు. ఇందూకు చెప్పించిన, రేపు ఎల్‌బీ నగర్‌ల పార్శిల్ దిగుతది, నీ చేతికే ఇయ్యమని. నేనే బస్సెక్కుదామని చెప్పులు తొడిగిన. మళ్ళ విడిచిన. నీ ఎదురుంగ నిలబడితే నువ్వు ఏమంటున్నవో నాకు వినబడదు. నీ కోపపు మొకం ఒక్కటే కనబడుతది. అందుకే రాస్తున్న.

గుడ్డ దసరా ముందే అయింది. మోకాలు మంచిగనే ఉన్నది. నీకు రాసినవన్నీ అబద్ధాలు. నీ బండి రోడ్డెక్కొద్దని ఆడిన.

జూన్ల నీకు అతుకు దోషం కాదని రాసిన. అది అబద్ధం కాదు, కానీ సగం మాట. మిగతా సగం నాకే యాదికి రాలేదు. చిన్నప్పటి సంది చేసే పని గనుక చెయ్యి చేసుకుంట పోతది, మనసు పట్టించుకోదు. నీ సీటు గుడ్డ మగ్గం మీదికెల్లి కోసిన నాడు కత్తెర నా చేతుల్నే ఆగిపోయింది.

పాత కొసలకు కొత్త పోగులు అతుకుతమా. అతికినంక ఆ అతుకులన్నీ, పోగులు దూరే అచ్చు దాటి ఇవతలికి వచ్చేదాక నేస్తం. జానెడు గుడ్డ పడుతది. ఆ జానెడును ఏం చేస్తమో నువ్వు చిన్నప్పుడు చూసినవ్. కోసి పక్కకు పడేస్తం. అది చీరలకు పోదు, తువాలలకు పోదు. మీ నాయనమ్మ దానితోని దీపం బుడ్లు తుడిచేది. మన ఇంట్ల ఇన్ని తరాలల్ల ఆ ముక్కను ఎవరికీ కట్టబెట్టలేదు. కొత్త పడుగును లోపలికి గుంజుకొచ్చేందుకే అతుకు. మనిషి బరువు మోసేందుకు కాదు.

నువ్వు నీ పెండ్లాన్ని, బిడ్డను ఆ జానెడు మీద కూసోబెడుతున్నవ్.

నీ సీటు గుడ్డ మొదట్ల పడ్డ అతుకు ముక్కనే ఇండ్ల పెట్టిన. రెండు చేతులతోని పట్టి గుంజు. అట్లిట్ల కాదు, చీర గట్టిదనం చూపిద్దామని గిరాకీ ముందు గుంజుతవ్ గదా, అట్ల. ఎట్ల వస్తదో చూడు. చూసినంక కూడా ఎక్కుతనంటే ఎక్కు.

ఆ జూన్ ఉత్తరం నేను రాయకుంటే నువ్వు బాడీ పారేసేటోనివి. తప్పు నాది. దాన్ని నీ ఇంట్లోళ్ళ మీద తీర్చకు. బండి షెడ్డులనే ఉండని. ముగ్గురు బస్సుల రండి. సందుగల నుంచి గుడ్డ తీసి నీ ముందల పరుస్త, ఎక్కడ వేసుకుంటవో వేసుకో.

నీ కాళ్ళు పట్టుకుంట.

చిన్నాయిన


ఎల్‌బీ నగర్, దవాఖాన,
డిసెంబర్.

మామయ్యకు,

మీరు, చిన్నత్తమ్మ వచ్చి చూసి పోయిన రోజు మీతో ఒంటరిగా ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాను. చుట్టూ జనం, నేను గట్టిగా చెబితే తప్ప మీకు వినపడదు. అందుకే రాస్తున్నాను.

ప్రాణానికి భయం లేదని పెద్ద డాక్టరు చెప్పారు. తుంటి ఎముక, కుడి చెయ్యి. నడుస్తారంటున్నారు, ఎప్పుడో చెప్పడం లేదు.

శనివారం పార్శిల్ నేనే తెచ్చాను. మెట్రో మెట్ల దగ్గర కూర్చుని మీ ఉత్తరం చదివాను. ఆ గుడ్డముక్కను అక్కడే రెండు చేతులతో పట్టి గుంజాను. మామయ్యా, దానికి బలం కూడా అక్కరలేదు. పోగులు జారి రెండు చేతుల్లోకి వచ్చేసింది.

ఆయనకు ఇవ్వలేదు. ఇద్దామనే ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో బండి తుడుస్తూ పాట పాడుకుంటున్నారు. షెడ్డు నుంచి ఇంటికి తెచ్చేశారు, కాలనీ వాళ్ళంతా చుట్టూ చేరి ఫోటోలు దిగుతున్నారు. అతుకు అని ఇంకొకరు అంటే సంతోషిని ఎక్కించుకుని పోతానన్న మాట నా చెవుల్లో ఉంది. మీ ఉత్తరం నిండా అతుకే. చదివి చింపేసి, పంతానికి బిడ్డను ఎత్తి వెనక వేసుకుని పోతారేమోనని భయపడ్డాను. బీరువాలో చీరల కింద పెట్టేశాను. రాత్రి చెబుదామనుకున్నాను. పొద్దున చెబుదామనుకున్నాను.

పొద్దున, "సంతోషికి వాంతులయితున్నయి, పెట్రోల్ వాసన పడతలేదు, మేము బస్సుల ఒస్తం, మీరు ముందు పోండ్రి" అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నారు కానీ సరే అన్నారు. నా బిడ్డను తప్పించాను. ఆయన ఒక్కరే కదా, మెల్లగా పోతారులే, మీ ఇంటికి చేరాక మీరే ఆపుతారులే అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూ బస్సెక్కాను. బయలుదేరే ముందు సంతోషి వెనక సీట్లోకి దూరి ఖాళీ సీటుకు బెల్టు పెట్టి వచ్చింది, తన సీటు ఎవరూ తీసుకోవద్దని.

హయత్‌నగర్ దాటాక మా బస్సు ఆగింది. ముందు లారీ బ్రేకు వేస్తే ఆయన పక్కకు తిప్పారట, డివైడర్ తగిలిందట. కిటికీలోంచి సంతోషి చూసి, "అమ్మా, అది మన బండి ఎన్కది. ముందటిది ఏదీ?" అంది.

ముందు సగం చాలా దూరంలో ఉంది, ఆయనతో సహా. వెనక సగాన్ని, వెనకాల వస్తున్న ఇంకో లారీ డివైడర్‌కు అదిమేసింది. సీటు మడతపడిపోయింది. బెల్టు మాత్రం బిడ్డ పెట్టినట్టే పెట్టి ఉంది.

మీ ఉత్తరం ఇచ్చి ఉంటే ఆగేవారేమో. సంతోషిని ఎక్కించుకుని పోయేవారేమో. ఈ రెంటిలో ఏదో నాకు ఎప్పటికీ తెలియదు. నేను భర్తను పంపించి బిడ్డను ఉంచుకున్నాను మామయ్యా. ఆయన కళ్ళు తెరిచి నా చెయ్యి పట్టుకుని, "మీరు బస్సుల ఒచ్చుడు ఎంత మంచిదైంది" అంటున్నారు. ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేను, ఉంచలేను.

ఉత్తరం, ఆ ముక్క ఇంకా బీరువాలో ఉన్నాయి. ఆయనకు చూపించమంటే చూపిస్తాను. మీరు ఏది చెబితే అది చేస్తాను.

ఇందు


సరూర్‌నగర్,
ఫిబ్రవరి.

చిన్నాయినా,

అక్షరాలు చూసి కంగారుపడకు. కుడి చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది, నేను చెబుతుంటే ఇందు రాస్తోంది. సరూర్‌నగర్ ఇంటికి తెచ్చారు. మంచం మీద నుంచే దుకాణం నడుస్తోంది.

నువ్వు దవాఖానకు వచ్చినప్పుడు మందుల మత్తులో ఉన్నాను, నీతో ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు రోజంతా పైకప్పు చూస్తూ ఆలోచించడమే పని. చిన్నమ్మ ఇందుతో ఫోన్‌లో చెప్పిందట, గుడ్డ దసరాకే అయిందని. నాకు అర్థమైంది. నువ్వు కావాలనే ఆపావు. అంటే నీకు తెలుసు. ఆ బండి నిలవదని నీకు ముందే తెలుసు.

మహేందర్ చెబితే నేను వినలేదు, నిజమే. ఇందు చెబితే కంచం తోసేశాను. కానీ నువ్వు చెబితే వినేవాణ్ణి చిన్నాయినా. ఉంచుకోవాలా పారెయ్యాలా అని నిన్నే కదా అడిగాను. నువ్వు ఉంచుకో అన్నావు కాబట్టే ఉంచుకున్నాను. నువ్వే వద్దని ఒక్క ముక్క రాసి ఉంటే అక్కడికక్కడ ఆపేసేవాణ్ణి. చివరి ఉత్తరం రాశాక కూడా శుక్రవారం, శనివారం ఎదురుచూశాను. ఏమైనా పంపిస్తావేమోనని. ఏమీ రాలేదు.

నిన్ను నిందించడానికి కాదు. తెలుసుకోవాలని ఉంది. ఎందుకు రాయలేదు?

ఇందు రాస్తూ రాస్తూ ఆగిపోతోంది, కళ్ళు మంటలంటోంది. ఇక ఆపుతాను.

శ్రవణ్


పోచంపల్లి,
ఫిబ్రవరి.

శ్రవణ్,

ఇది ఇందూ నీకు చదివి వినిపిస్తది. మెల్లగ చదువు బిడ్డా, తొందర లేదు.

నేను రాయలేదు. రాద్దామని శుక్రవారం కాగితం ముందలేసుకుని కూసున్న. ఉంచుకో అన్న నోటితోనే వద్దని ఎట్ల అనాలె అని సిగ్గయింది. రేపు రాస్తనని లేచిన. అంతకు మించి ఏం లేదు. ఒక్క ముక్క రాయాల్సింది. నువ్వు ఎవరి మీదన్న కోపం పెట్టుకోవాలంటే నా మీద పెట్టుకో, నేను మోస్త.

మగ్గం దింపిన. కొసలు కోసేసిన. ఇంట్ల బోడిగ నిలబడ్డది. చిన్నమ్మ చూసి ఏడ్చింది, రెండు దినాలకు ఊకున్నది. నీ సీటు గుడ్డ సందుగలనే ఉన్నది. సంతోషికి పరుపు మీద దుప్పటి కుట్టిపిస్త.

ఇందూ నీకు చేసే సేవ మరువకు. ఆమె బిడ్డను బస్సెక్కించుకుంది గనుకనే ఇయ్యాల మీరు ముగ్గురు ఒక్క ఇంట్ల ఉన్నరు.

ఇంకొక మాట. ఇంట్ల మంచం పట్టిన మనిషి ఉన్నప్పుడు పాత పేలికలు, పనికిరాని కాగితాలు బీరువాలల్ల దాచుకోవద్దు. ఏమన్న ఉంటే పొయ్యిల వెయ్యమని ఇందూకు చెప్పు.

చిన్నాయిన
కోదండం